లైబ్రరీ అక్క తుపాకీ

చిక్కడపల్లికి బార్‌కోడ్ విద్యను తెచ్చింది నేనే. ఈ మాట చాలామందితో అన్నాను, కొందరు నమ్మారు కూడా. నిజానికి అప్పటికే మా వీధి చివరి సూపర్‌మార్కెట్లో బిల్లు కొట్టే అమ్మాయి పొద్దుగూకులూ ఉప్పు ప్యాకెట్లనీ సబ్బు పెట్టెలనీ కుయ్‌మనిపిస్తూనే ఉంది. కాబట్టి తెచ్చింది నేను కాదు. కానీ ఒక అద్దె పుస్తకాల షాపులో, ఎలా తగిలించాలో చెప్పే కాగితం ముక్కైనా లేని పాత స్కానర్‌ను తగిలించింది మాత్రం నేనే. సరే, నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ. ఆ ఇద్దరి వాటా ఎంతో చివరికి మీకే తెలిసిపోతుంది, ఇప్పుడే ఒప్పుకుంటే నాకు మర్యాద.

షాపు చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వైపు తిరిగే సందులో ఉండేది. ఒకే ఒక్క మడిగె, ఒంటి గది. మూడు గోడలకీ కింది నుంచి పైదాకా నవలలు, అన్నిటికీ ఖాకీ అట్టలు. అట్ట చిరిగితే దానిమీద పాత వార్తాపత్రికతో ఇంకో అట్ట. నడిపేది లైబ్రరీ అక్క. అరవై దాటిన మనిషి, నాకన్నా చిన్నదే. వీధంతా అక్క అంటుంటే నేను చెల్లెమ్మా అనేవాణ్ని, ఆమె నన్ను అన్నా అనేది. భర్త పోయిన ఏడాది ఆ బల్ల వెనక కుర్చీలో కూర్చుంది, మళ్లీ లేవలేదు. నేను రోజూ కాఫీ అయ్యాక వెళ్లి ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని వేదాంత గ్రంథాలు చదివేవాణ్ని.

2011 అనుకుంటాను, ఆమె చూపు మందగించింది. డాక్టరు చూసి, పొర అయితే తీసేసేవాళ్లమమ్మా, ఇది నరం, ఉన్నది కాపాడుకోవడమే అన్నాడట. బస్సు బోర్డులూ సినిమా పోస్టర్లూ కనిపించేవి. పుస్తకం లోపల మూలన పెన్సిలుతో రాసిన నంబరు కనిపించేది కాదు. పుస్తకాలు ఒకరివి ఒకరికి పోవడం మొదలైంది. ఒకావిడ వంటల పుస్తకం అడిగితే జాతకాల పుస్తకం ఇచ్చింది. ఆవిడ వారం తరవాత తిరిగొచ్చి, ఇందులో ఒక్కటీ పొయ్యి మీద పెట్టేలా లేదండీ అంది.

ఆ మడిగె ఆమె మరిదిది. చెడ్డవాడని నేను చాలా రోజులు ప్రచారం చేశాను గానీ, కాదు. వదినగారి దగ్గర కిరాయి అడిగినవాడు కాదు. కానీ అశోక్‌నగర్ నిండా గ్రూపు పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్లకు కావలసింది నవలలు కాదు, నోట్సు జిరాక్సులు. అది చిన్నపిల్లాడికైనా అర్థమయ్యే లెక్క. ఆషాఢం మొదట్లో ఒకరోజు వచ్చి నా ఎదుటే చెప్పేశాడు.

"వదినా, ఆ కండ్లతోని ఇంకెన్ని రోజులు కూసుంటవ్? ఆషాఢం పోంగనే జిరాక్స్ మిషన్ దింపుత. నువ్వు ఇంట్ల హాయిగ ఉండు."

అతను వెళ్లాక ఆమె చాలాసేపు బల్ల మీది దుమ్ము తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు.

"హాయిగ ఉండుడంటే ఏంది అన్నా? గోడను చూసుకుంట కూసునుడా? గోడ గూడ సక్కగ కనవడది."

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. నేను టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా చేశానమ్మా, ఇలాంటి సమస్యలు ఎడమచేత్తో తీసేశాను, శ్రావణం వచ్చేలోగా నీ షాపును కంప్యూటర్ చేసి పెడతాను అనేశాను. నేను చేసింది టెలిఫోన్ శాఖలోనే. అయితే ఫిర్యాదుల గుమాస్తాగా. నా చేతుల మీదుగా బాగుపడ్డ ఫోను ఒక్కటీ లేదు. ఫోను బాగాలేదన్న వాళ్ల తిట్లు మాత్రం అన్నీ నా చెవుల మీదుగానే వెళ్లాయి.

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైంది. నేను గొప్పలు చెప్పుకుని వచ్చిన ప్రతిసారీ వాటిని నిజం చేసే పని ముప్పై ఏళ్లుగా ఆవిడదే. కాసేపు ఆలోచించి, కంప్యూటర్లో అక్షరాన్ని ఎంత పెద్దదైనా చేయొచ్చు, పుస్తకాల పేర్లన్నీ ఎక్కిస్తే ఆవిడకు తెర మీద కనిపిస్తాయి అంది. చేతిలో ఉన్నది ఏ పుస్తకమో కంప్యూటర్‌కు ఎవరు చెప్పాలి అన్నాను. సూపర్‌మార్కెట్లో ఎవరు చెబుతున్నారు అంది. ఈ ఆలోచన నాదేనని మర్నాడు షాపులో చెప్పాను.

మరిదిగారి కొడుకు కొత్తది కొనుక్కుని వదిలేసిన పాత కంప్యూటర్ ఒకటి షాపు మూలన ఉంది. దాని తెర పాతకాలం టీవీ పెట్టెలా ఉండేది. ఇక స్కానర్ కావాలి. హిమాయత్‌నగర్‌లో నేను బీపీ మాత్రలు కొనే మందుల షాపులో అప్పుడే కొత్తరకం పెట్టారు, పాతది అట్టపెట్టెలో పడుంది. అడిగితే, తీస్కపో పెద్దాయనా, జాగా ఖాళీ అయితది అన్నాడు యజమాని. ఎలా తగిలించాలని అడిగాను. పెట్టినాయన ఊరిడిసి పోయిండు, కాగితాలు ఎలుకలు తిన్నయ్ అన్నాడు. దానిమీద కంపెనీ పేరు కూడా అరిగిపోయింది. ఎర్రద్దం మూతి, పిడి, మీట. ఎంత మంచివాడు పట్టుకున్నా దొంగలా కనిపించే వస్తువు.

ఆ రోజు బంద్. ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో బంద్ లేని వారం ఉంటే అదే వార్త. బస్సులు లేవు, దాన్ని గుడ్డ సంచిలో వేసుకుని నడుచుకుంటూ వస్తుంటే నారాయణగూడ చౌరస్తాలో పోలీసులు నన్ను చుట్టుముట్టారు. లాఠీలు పైకి లేచాయి, ఎవరో చేతులెత్తమని అరిచారు. ఇలాగే చెప్పాను చాలా ఇళ్లలో. ఉన్నది ఒక్క హోంగార్డు. కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏంది పెద్దాయనా, సంచిలకెల్లి తుపాకీ మూతి కనవడుతుంది?"

తీసి చూపించాను. తిప్పి చూసి, తన టీ గ్లాసు మీద పెట్టి మీట నొక్కి, ఏం అయితలేదు కదా అన్నాడు. కరెంటు కావాలి అన్నాను. కరెంటు లేకుంటే ఇది ఉత్త డబ్బానే అని తేల్చి వెనక్కిచ్చాడు. తరవాతి రోజుల్లో ఆ యంత్రం గురించి నేనూ సరిగ్గా అదే నిర్ణయానికి వచ్చాను, కరెంటు ఉండగానే.

షాపుకు తేగానే అక్క దాన్ని రెండు చేతులా తడిమింది. ఆషాఢంలో కొత్త వస్తువు ఇల్లు చేరింది, జర బొట్టన్న పెట్టాలె, లేకుంటే అచ్చిరాదు అంది. గంధం తడిపి, కుంకుమ అద్ది, అగరుబత్తి వెలిగించింది. నేను కూడా భక్తిగా చేతులు జోడించాను. నాకు మంత్రాలు వచ్చని అందరికీ చెబుతుంటాను కాబట్టి పెదాలు కూడా కదిపాను.

ఇక తగిలించడం. మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. దాని తోక కొంత దూరం ఒకటిగా వచ్చి చివర రెండుగా చీలింది. ఒకదానికి గుండ్రటి మూతి, లోపల సన్నటి పుల్లలు. రెండోదానికి నల్ల టేపు ఉండలా చుట్టి ఉంది. మన ఇళ్లలో నల్ల టేపు చుట్టిన వైరంటే ముట్టుకోకు అని అర్థం. అది తెగిపోయిన ముక్క, దాని జోలికి వెళ్లొద్దు అని ఇంజనీరు హోదాలో ప్రకటించాను.

కంప్యూటర్ వెనక గుండ్రటి రంధ్రాలు రెండున్నాయి. ఊదా రంగుదాంట్లో కీబోర్డు, ఆకుపచ్చదాంట్లో మౌసు. మౌసు పీకి స్కానర్ పెట్టాను. ఎర్రలైటు వెలిగింది. నేను లేచి నిలబడ్డాను. అక్క చప్పట్లు కొట్టింది. ఆ తరవాత అది వెలుగుతూనే ఉంది, ఇంకేమీ చేయలేదు. ఈసారి కీబోర్డు పీకి ఊదా దాంట్లో పెట్టాను. కంప్యూటర్ మళ్లీ మొదలుపెట్టేసరికి నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక హెచ్చరిక. మా ఆవిడ చదివింది. కీబోర్డు లేదట. ముందుకు పోవాలంటే కీబోర్డు మీద ఫలానా మీట నొక్కాలట.

అక్క ఇదెక్కడి న్యాయం అంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మా శాఖలో ఫోను పనిచేయడం లేదని వచ్చినవాళ్లకు నేను చెప్పిన మాట అదే. ఫిర్యాదు ఫోనులోనే ఇవ్వాలండీ. ఆ యంత్రం నా మనిషే అనిపించింది.

అయితే నా మనిషని తెలిసినంత మాత్రాన పని కాదు. ఆషాఢం కరిగిపోతోంది. కోఠీ వెళ్లి కనిపించిన దుకాణంలోనల్లా ఆ తోక చూపించాను. ఒకాయన ఇది ప్రింటర్‌ది అన్నాడు. ఇంకొకాయన దీన్ని మ్యూజియంలో ఇవ్వమన్నాడు. మూడో ఆయన తోక వదిలేసి నన్నే చూశాడు. వీధిలో బోనాలు ఎత్తుకుని ఆడవాళ్లు పోతుంటే అక్క గడపలో నిలబడి దండం పెట్టుకునేది. ఏం కోరుకున్నావని నేనడగలేదు, లోపలికి తిరిగి రాగానే వేళ్లు ఆ బల్ల అంచు మీదికే పోయేవి.

మళ్లీ ఒక బంద్ రోజు, షట్టరు సగం దించుకుని ముగ్గురం లోపల కూర్చున్నాం. చేయడానికి ఏమీ లేక నేను నా ఉద్యోగపు రోజులు చెబుతున్నాను. నల్లకుంటలో ఒకే ఇంట్లో పైన అన్న, కింద తమ్ముడు, ఇద్దరికీ ఒకే లైను. పారలల్ ఫోను. పైన ఎత్తితే కింద వినిపిస్తుంది, కింద ఎత్తితే పైన వినిపిస్తుంది. తోడికోడళ్ల మాటలు ఒకరివొకరు విని, కొట్టుకుని, ఇద్దరూ నా బల్ల దగ్గరికే వచ్చారు ఫిర్యాదుకు. అక్క నవ్వింది.

"మా ఇంట్ల గూడ పారలల్ ఉండె. నేను మా అమ్మతోని మాట్లాడుతుంటె పైన మా అత్త ఊపిరి ఇనవడేది. లైను ఒకటే, నోర్లు రెండు."

మా ఆవిడ చేతిలో ఉల్లిపాయ పకోడీ అలాగే ఆగిపోయింది. స్కానర్ తోక వైపు చూసింది. ఒకటిగా వచ్చి రెండుగా చీలిన తోక. తలలోంచి పిన్ను తీసి నల్ల టేపు గీరడం మొదలుపెట్టింది. నేను వద్దు, షాకు కొడుతుంది అన్నాను. పొరలు పొరలుగా ఊడింది. లోపల తెగిన వైరు లేదు. శుభ్రంగా ఒక గుండ్రటి నోరు ఉంది, సరిగ్గా కీబోర్డు మూతి పట్టేంత. కీబోర్డును దాంట్లో, పుల్లలున్న కొసను కంప్యూటర్లో పెట్టింది. అత్తా కోడలూ ఒకే లైను మీద. కంప్యూటర్ ఏ గొడవా లేకుండా లేచింది, కీబోర్డు పనిచేసింది, స్కానర్ కుయ్ కుయ్‌మని పలకరించింది. నేను సరిగ్గా ఇదే చెప్పబోతున్నాను అన్నాను. ఎవరూ నా వైపు చూడలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. అది చదవలేదు. అగరుబత్తి పెట్టె, టీ పొడి ప్యాకెట్, మా ఆవిడ సంచిలోని సబ్బు, ఏది చూపించినా ఎర్రగా వెలగడమే, అక్షరం ముక్క లేదు. మందుల షాపులో పెరిగింది కదా, మందులు తప్ప ఇంకోటి గుర్తుపట్టదు అన్నాను. నా బీపీ మాత్రల పెట్టె పెట్టి చూశారు. దాన్నీ గుర్తుపట్టలేదు. దగ్గరగా, దూరంగా, ఏటవాలుగా, తలకిందులుగా పెట్టాం. అలా రెండు మూడు రోజులు గడిచాయి. ఆ మూడో రోజో నాలుగో రోజో మరిది షట్టరు దగ్గర నిలబడి, పాపం, ఎగతాళి కూడా చేయకుండా, శుక్రవారం జిరాక్సు మిషన్ అతను జాగా కొలవడానికి వస్తడు వదినా అని చెప్పి వెళ్లాడు.

ఆయన వెళ్లాక అక్క ఆ స్కానర్‌ను ఒళ్లో పెట్టుకుంది. దిగులుతోనో, సెలవు చెప్పడానికో, పిల్లి తల నిమిరినట్టు మెల్లగా నిమురుతోంది. వేళ్లు మూతి దగ్గర ఆగాయి.

"అన్నా, దీని అద్దం నున్నగ ఉండాలె గద? గరుకుగ తాకుతుంది. ఏదో పొర ఉన్నట్టుంది."

తీసుకుని చూశాను. ఎర్రద్దం. దాన్ని అన్ని రోజులూ నా కళ్లజోడుతో పరీక్షగా చూస్తూనే ఉన్నాను. ఎర్రగానే ఉంది కదా అనుకున్నాను. గోరుతో గీకితే గోరు ఎర్రబడింది. గంధం మీద కుంకుమ, నడిమధ్యన, గట్టిగా ఎండిపోయి ఉంది. మొదటిరోజు బొట్టు పెట్టింది అక్కే. చేత్తో తడిమి, ముందుకు ఉబ్బిన చోటు చూసుకుని, అది నొసలనుకుంది. పెట్టింది కంట్లో. ఎర్రద్దం మీద ఎర్రబొట్టు, కళ్లున్న ఇద్దరికీ కనిపించలేదు.

తడిగుడ్డతో తుడిచాను. అగరుబత్తి పెట్టె మళ్లీ పెట్టి మీట నొక్కాను. కుయ్. తెర మీద అంకెలు వాటంతటవే పరుగెత్తి, చివర కింది వరసకు కూడా దూకాయి. ఇది టైపు కొడుతోందండీ, చివర ఎంటర్ కూడా అదే నొక్కుతోంది, నా ఉద్యోగం చేస్తోంది అని మా ఆవిడ పొంగిపోయింది. అక్క మాత్రం నేను బల్ల మీద పెట్టిన ఎర్రటి తడిగుడ్డను చేతిలోకి తీసుకుంది.

"దీని పొర తుడిస్తె పోయింది" అంది.

నేను ఆ క్షణంలో ఏ గొప్పా చెప్పుకోలేదు. అదొక్కటీ ఈ కథలో నేను పెంచకుండా, తగ్గించకుండా చెబుతున్న మాట.

తరవాత పుస్తకాలకు బార్‌కోడ్‌లు కావాలి. పాత నవలలకు ఎక్కడివి? ఉన్నవాటికి కూడా అట్టల కిందే. నాకొక గొప్ప ఉపాయం తట్టింది. సబ్బు పెట్టెల మీద గీతలుంటాయి కదా, కత్తిరించి అట్టలకు అంటిస్తే సరి. మా అపార్ట్‌మెంటంతా వాడేది ఒకే సబ్బు. వాచ్‌మన్ చేత ఖాళీ పెట్టెలు ఓ సంచెడు పోగు చేయించి, పొద్దుటి నుంచి కూర్చుని అంటించాను. సాయంత్రం చూస్తే ఏ పుస్తకం పెట్టినా ఒకే పేరు వస్తోంది. ఒక రకం సబ్బుకు ఒకే నంబరట. నా చలవతో లైబ్రరీలో ఒక అరంతా ఒకే నవల అయి కూర్చుంది.

ఇక వేర్వేరు వస్తువులు కావాలి. అక్క మాట పడగానే వీధి వీధంతా కదిలింది. హాస్టల్ పిల్లలు చిప్స్ కవర్లు తెచ్చారు. ఒకే రకం రెండోది తెస్తే అక్క వెనక్కి పంపేది. వంటల పుస్తకం తీసుకెళ్లాల్సిన ఆవిడ తన మసాలా డబ్బాలన్నీ పట్టుకొచ్చింది. ఒక్కో నంబరు ఎదుట ఒక్కో పుస్తకం పేరు మా ఆవిడ టైపు కొట్టింది. నేను కొట్టానని చెప్పుకున్నది వేరే సంగతి, నేను కొట్టింది ఊడిరాని జిగురు సీసా మూత. ప్రేమ నవలలు కొబ్బరినూనెలయ్యాయి, అపరాధ పరిశోధనలు ఎలుకల మందులయ్యాయి, భాగవతం ఆముదం సీసా మీద నిలబడింది. అక్షరాలు మాత్రం ఎంత పెద్దవి చేశామంటే తెర మీద ఒక పుస్తకం పేరు, దాన్ని తీసుకున్న మనిషి పేరు, అర పేరు, అంతే పట్టేవి.

శుక్రవారం మరిది వచ్చాడు, వెంట టేపు పట్టుకున్న జిరాక్సు మిషన్ అతను. అతను సరాసరి అక్క బల్ల కొలవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే నేను నా పుస్తకం తిరిగివ్వడానికి వెళ్లాను. మా ఆవిడ నా వెనకే ఉంది. మరిది నా చేతిలోంచి ఆ పుస్తకం లాక్కున్నాడు. వార్తాపత్రిక అట్ట, పైన ఏమీ కనిపించదు.

"ఏదీ వదినా, ఇదేం పుస్తకమో చెప్పు. తప్పు చెప్తె బల్ల తీస్తం."

చెల్లెమ్మా ఇది వద్దు, ఇంకోటి చూడు అన్నాను నేను. ఆమె వినలేదు. పుస్తకం తిప్పి, వెనక అట్ట మీద వేళ్లతో తడిమి, స్కానర్ ఆనించింది. కుయ్.

తెర మీద పేరు పడింది. సందు అవతల ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డవాళ్లు కూడా చదివారు. అదొక దెయ్యాల నవల, మూడో భాగం. ఆ పేరు ఇక్కడ రాయను, అందులో శ్మశానంతోపాటు ఒక స్నానాల గది కూడా ఉంది. దాని కింద అంతే పెద్ద అక్షరాలతో నా పేరు. ఇన్నాళ్లూ నేను చదివిన వేదాంతం అదే. దోమల చక్రాల పెట్టె బార్‌కోడ్ దానికి అంటించిందీ నేనే.

జిరాక్సు మిషన్ అతను గోడ పట్టుకుని నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు, అది ఇంకా కష్టం. అక్క మాత్రం తెరకు ముఖం దగ్గరగా పెట్టి అర పేరు చదువుకుని, లేచి, తడుముకోకుండా వెళ్లి, రెండో భాగానికీ నాలుగో భాగానికీ మధ్య ఆ పుస్తకాన్ని దూర్చింది. మరిది ఇంకో రెండు పుస్తకాలు తీసి ఇచ్చాడు. కుయ్, కుయ్. రెండూ సరిపోయాయి. మరిది మిషన్ అతని చేతిలోని టేపు తనే తీసుకుని, గుమ్మం పక్కన చెప్పులు విడిచే చోటు కొలిచాడు.

శ్రావణంలో జిరాక్సు మిషన్ దిగింది. గుమ్మం పక్కనే. బల్ల ఉన్న చోటే ఉంది, బల్ల వెనక అక్క ఉంది. మిషన్‌కు బొట్టు పెట్టబోతే మరిది వచ్చి, వదినా, అద్దం మీద వద్దు అని తనే చేయి పట్టుకుని పక్కకు పెట్టించాడు.

ఆ శుక్రవారం మర్నాడు నేను కాస్త ఆలస్యంగా వెళ్లి, స్టూలు మీద కూర్చుని, ఆ పుస్తకం పొరపాటున వచ్చిందమ్మా అన్నాను.

"నాకు ఎప్పట్నించో ఎరుకే అన్నా" అంది. "వేదాంతం చదివెటోడు మధ్యమధ్యల ఉలిక్కిపడడు."

ఆ తరవాత పుస్తకం తిరిగిచ్చిన ప్రతిసారీ నేను ముందు వెళ్లి తెరకు అడ్డంగా, భుజాలు వీలైనంత వెడల్పు చేసి నిలబడేవాణ్ని. ఆమె స్కానర్ పైకెత్తి ఆగేది.

"జరుగు అన్నా. నాకు కనవడాలె గద."

జరిగేవాణ్ని.